తొడిమ

ఎముకల గది తాళం శౌరయ్య దగ్గరుంటుంది.
పొద్దున్నే టీ గ్లాసు చేత్తో పట్టుకుని
"ఇవాళ ఎడమవా, కుడివా, డాక్టరమ్మా?" అంటాడు.

ఎడమవి డెబ్బై ఒకటి. కుడివి అరవై తొమ్మిది.
ఒక్కో తొడ ఎముకనీ పలక మీద పడుకోబెట్టి
తల నుంచి మోకాటి గుబ్బల దాకా కొలుస్తాను.
మెడ మందం, మెడ వాలు,
వింటిబద్దలా కాస్త ముందుకి వంగిన కాండం.
ఏ ఊరివో తెలీదు. ఎవరివో అసలే తెలీదు.
తొడ కొట్టి సవాలు చేసినవాడిదో,
ఆ చప్పుడికి తలుపేసుకున్నవాడిదో,
పలక మీద రెండూ ఒకే తీరుగా ఊరుకుంటాయి.

పుస్తకంలో ఒక సగటు ఉంది.
మంచు కురిసే దేశంలో, కుర్చీల్లో కూర్చునేవాళ్లని
ఎవరో శ్రద్ధగానే కొలిచి కట్టిన సగటు.
తప్పు కాదది.
మనది కాదు, అంతే.

మా నాన్న పట్నంబజారులో దర్జీ.
మెళ్లో టేపు, చెవి మీద పెన్సిలు.
మనిషిని చూడకుండా గుడ్డ కోస్తే కత్తెరకే సిగ్గు, అనేవాడు.
రెడీమేడ్ షాపులొచ్చాక
ఊళ్లోవాళ్ల పొడుగు ప్యాంట్లకి అంచు మడిచి కుట్టి బతికాడు.
ఉక్కుకి అంచు మడవటం ఎవరికీ రాదు.

ఆగస్టులో నాంచారమ్మ వచ్చింది, ఆటోలో, అడ్డంగా.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకి తొడిమలు తీస్తుంది, బస్తాకింతని.
తడి టార్పాలిన్ మీద కాలు జారింది.
ఎక్స్‌రేని వెలుగుకి ఎత్తి చూశాను.
మెడ మొదట్లో,
తన వేళ్లు రోజూ తుంచే చోటే.

థియేటర్లో పెట్టె తెరిచాం.
ఉక్కు మేకులు వరసలో, పెళ్లివారి వెండి గరిటెల్లా.
ఉన్నవాటిలో చిన్నది కూడా ఆమెకి పెద్దదే.
మెడలోకి రెండు స్క్రూలు దిగాలి.
ఒకటి దిగింది.
రెండోదానికి చోటు లేదు.
సారు గాలి పీల్చి వదిలి,
"ఒక్కదానితో సర్దుదాం" అన్నారు.
సర్దుకోవడం మనకేమన్నా కొత్తా.

ఆ రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది.
ఫోను వెలుగులో తేడా లెక్కేశాను:
నాలుగు మిల్లీమీటర్లు, ఒక్కోచోట నాలుగున్నర.
ఒక మిరపగింజ వెడల్పు.
అందులో ఇరుక్కుంటుంది ఒక మనిషి నడక.

"మనవాళ్ల కొలతలు" అని శీర్షిక రాసి ఆగిపోయాను.
నా నూట నలభైలోనే
పొట్టిదానికీ పొడుగుదానికీ బెత్తెడు తేడా.
మనవాళ్లంటే ఎవరు?
పుస్తకంలో సగటు కొట్టేసి నా సగటు పెడితే
రేపు ఇంకో నాంచారమ్మకి అదీ బిగుతే కదా.
శౌరయ్యకి చెబితే ఎముకలు పెట్టెలో సర్దుతూ నవ్వాడు.
"చెప్పుల కొట్టోడు ఒక్క సైజే పెడతాడా అమ్మా?
ఎన్ని రకాల కాళ్లుంటే అన్ని జతలు."
సిద్ధాంత వ్యాసంలో ఆ ముక్క రాయాలి.
కింద ఆధారం ఏమని రాయాలో తెలీదు.

మూడో రోజు వార్డులో నాంచారమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.
"ఇంక గొంతుక్కూకోవచ్చా డాక్టరమ్మా?
కాయలు నేల మీదే పోస్తారు, బల్ల మీద కాదు."
నా పట్టికలో పద్నాలుగు గళ్లున్నాయి.
దానికి గడి లేదు.
కొన్నాళ్లు వద్దన్నాను. ఎన్నాళ్లో చెప్పలేదు.
తనూ అడగలేదు.
గోళ్ల సందుల్లో ఎరుపింకా వదల్లేదు,
ఆ వేళ్లతోనే కన్ను తుడుచుకోబోతే
గబుక్కున మణికట్టు పట్టుకున్నాను.

"మూడు రోజులైందిగా," అంది,
"ఇంకా మండుద్దా?"